నాలుగో సిలిండరు వెనక పత్తి

ఈ మాట నా గొంతుకు అడ్డంపడి ముప్పయ్యేళ్ళు దాటింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. నేను నోటి దురుసు మనిషినని, కడుపులో ఏదీ దాచుకోలేనని ఆమె నమ్మకం. నిజమే, ఎవరి మీద కోపం వచ్చినా అక్కడికక్కడే కడిగేస్తాను. కానీ ఇది దాచాను. దాచానంటే ఎక్కడో మూలన పెట్టి మరిచిపోయాననుకోకండి. రోజూ దాని పక్కనే పడుకుని, దాని పక్కనే లేచాను.

నా పేరు చెప్పను. పిరికితనం అనండి, కాదనను. ఇంకో మనిషి పేరు మాత్రం చెప్తాను. అది చెప్పకపోతే ఇదంతా రాసి ఉపయోగం లేదు. ఆయన పేరు వీరయ్య. నేను వీరయ్యన్న అనేవాణ్ణి. సొంత అన్న కాదు, దూరపు చుట్టం కూడా కాదు. కానీ ఆయన చెయ్యి పట్టుకోకపోతే నేను ఈ రోజు ఇలా కూర్చుని పశ్చాత్తాపపడే స్థితికి కూడా వచ్చేవాణ్ణి కాదు.

నేను కారు మెకానిక్కుని. ఎనభైల్లో నరసరావుపేటలో, వినుకొండ వెళ్ళే రోడ్డు మీద నాకో రేకుల షెడ్డు ఉండేది. అప్పట్లో ఊరికి కార్లే తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ ఒకటే రకం, గుండ్రటి వీపు కారు, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. డాక్టరుకీ అదే, పొగాకు వ్యాపారికీ అదే, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పేవాడికీ అదే. ఆ ఒక్క ఇంజను చేతికి వస్తే చాలు, మెకానిక్కు బతికిపోయినట్టే. నాకు వచ్చింది. వచ్చిందన్న పొగరు కూడా వచ్చింది.

ఆ ఇంజను సంగతి చెప్పకుండా నా తప్పు చెప్పలేను, కాస్త ఓపిక పట్టండి. అది వెయ్యిన్నర సీసీకి రవ్వంత తక్కువ. నాలుగు సిలిండర్లూ ముందునుంచి వెనక్కి ఒకే వరసలో ఉంటాయి. రేడియేటర్ పక్కనున్నది ఒకటోది, డ్రైవరు కాళ్ళ వైపు వచ్చేది నాలుగోది. మంట పడే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలీ పెట్రోలూ నొక్కుకునే లెక్క, ఏడుకొకటి. అంత తక్కువ కాబట్టే పెట్రోల్లో ఎవడైనా కిరసనాయిలు కలిపినా దగ్గుకుంటూనో మూలుక్కుంటూనో ఇల్లు చేర్చేది. మొండి ఇంజను. పల్నాటి ఎండకీ మా రోడ్లకీ అలాంటిదే నిలబడింది.

రోగాలు మాత్రం బోలెడు. మే నెల మధ్యాహ్నం పెట్రోలు పంపులో ఆవిరి పట్టి బండి నడిరోడ్డు మీద ఆగేది. పంపుకు తడిగుడ్డ చుట్టి, చెట్టు నీడన కాసేపు కూర్చుంటే మళ్ళీ కదిలేది. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు కాలిపోయేవి. కార్బురేటర్లో దుమ్ము చేరేది. వెనకనుంచి ఆయిలు కారడం మామూలే, కారని ఇంజను ఎవరైనా చూపిస్తే నేనే దండం పెట్టేవాణ్ణి. రేడియేటర్ చెమ్మగిల్లితే అందులో గుప్పెడు పసుపు వేసేవాళ్ళు. కొన్నాళ్ళు కారడం ఆగేది, తర్వాత ఆ పసుపే లోపల గొట్టాలకు అడ్డం పడి బండిని నా దగ్గరికి పంపేది. వీటన్నిటిలోకీ పెద్ద జబ్బు హెడ్ గాస్కెట్ పోవడం.

ఇంజను కింది దిమ్మె బ్లాకు. పైన మూతలా కూర్చునేది హెడ్డు. రెంటి మధ్యా పల్చటి అట్టలాంటిది గాస్కెట్. నీళ్ళు బ్లాకులోంచి చిన్న చిన్న రంధ్రాల గుండా హెడ్డులోకి ఎక్కి, అక్కడినుంచి రేడియేటర్లోకి వెళ్ళి చల్లబడి మళ్ళీ వస్తాయి. ఆ రంధ్రాల్లో ఒకటి మూసుకుపోతే దాని పక్క సిలిండరుకు చల్లదనం అందదు. మిగతా ఇంజనంతా బాగానే ఉంటుంది. అదొక్కటే లోపల్లోపల ఉడికిపోతుంది. బయట ఎవరికీ తెలియదు. నా కథంతా ఈ ముక్క మీదే ఉంది.

వీరయ్యన్న మా ఊళ్ళో ఒక ప్లీడరు గారి కారు డ్రైవరు. నాకంటే పదేళ్ళు పెద్ద. పొట్టి మనిషి, స్టీరింగు ముందు దిండు వేసుకుని కూర్చునేవాడు. నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఈగలు తోలుకుంటుంటే, ప్లీడరు గారికి చెప్పి మొదటి కారు నా షెడ్డుకు తోలుకొచ్చింది ఆయనే. తర్వాత తనకు తెలిసిన డ్రైవర్లందరినీ పట్టుకొచ్చాడు. "మావాడు, చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు," అని చెప్పి మరీ తీసుకొచ్చేవాడు. ఆ మాటకు నేను కోపం తెచ్చుకుంటే నవ్వేవాడు.

బండి విషయంలో ఆయనకు చాదస్తం ఉండేది. రోజూ పొద్దున్నే బానెట్టు ఎత్తి, రేడియేటర్ మూత తీసి, చెంబుతో అంచుదాకా నీళ్ళు పోసేవాడు. ఆయిలు పుల్ల తీసి చూసేవాడు. మూత బిగించి, దాని మీద అరచేత్తో ఒక దెబ్బ వేసేవాడు. అప్పుడుగాని తాళం తిప్పడు. ప్లీడరు గారు అవతల తొందరపడుతున్నా అంతే. దీని గురించి నేను ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు.

ఒక వేసవిలో ప్లీడరు గారి కారుకు హెడ్డు విప్పాల్సి వచ్చింది. వాల్వులు నూరాలి, లోపల పేరుకున్న బొగ్గు గీకాలి, గాస్కెట్ మార్చాలి. మామూలు పనే. బొగ్గు గీకేటప్పుడు ఆ పెళ్ళలు నీళ్ళ రంధ్రాల్లో పడకుండా ఏదో ఒకటి కుక్కాలి. నేను గుంటూరు బ్రాడీపేటలో పని నేర్చుకున్న మేస్త్రీ గుడ్డ పీలికలు పెట్టమనేవాడు. ఒక్కో రంధ్రానికి ఒక పీలిక, దాని తోక బయటికి వేలాడాలి, తోకలన్నీ చూసి లాగాకే హెడ్డు ఎక్కించాలి. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాను.

సొంత షెడ్డు పెట్టాక పద్ధతి మారింది. మా వైపు మెకానిక్కులకు గుడ్డపీలికలకు కరువు గానీ పత్తికేం కరువు? అందరూ పత్తే వాడేవాళ్ళు. ఆ ఏడు మా నాన్న చేలో పత్తి విచ్చుకున్నాక వాన పడింది. తడిసి రంగు మారిన పత్తిని కొనేవాడు లేడు. మా అమ్మ తీరికైనప్పుడల్లా గింజలు తీసి గోనెసంచిలో వేసేది, ఆ సంచి నా షెడ్డుకు తెచ్చుకున్నాను. చెయ్యి తుడుచుకోవడానికి అదే, ఆయిలు ఒత్తడానికి అదే, రంధ్రాల్లో కుక్కడానికి అదే. పత్తికి తోక ఉండదు. వేలితో నొక్కితే లోపలికి పోయి కూర్చుంటుంది, నూనె, మసి పట్టాక ఇనుము రంగే వస్తుంది.

వీరయ్యన్న ఆ రోజు షెడ్డులోనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక, "తొందరేం లేదురా, రేపు సాయంత్రానికి ఇవ్వు, అయ్యగారికి నేను చెప్తాలే," అన్నాడు. నేను వినలేదు. హెడ్డు పని ఒక్కరోజులో చేసే మెకానిక్కు మా ఊళ్ళో ఇంకొకడు లేడని అనిపించుకోవాలి నాకు. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. పొద్దుగూకకముందే బండి స్టార్టు చేసి చూపించాను. వీరయ్యన్న భుజం తట్టాడు. రంధ్రాల్లో పెట్టిన పత్తి అంతా తీశాననే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇక్కడిదాకా నాది పొరపాటు. ఇక్కడిదాకా అయితే ఇది రాయాల్సిన పనే లేదు.

ఊళ్ళో తిరిగినన్నాళ్ళు బండి బాగానే నడిచింది. తర్వాత ఒక పొద్దున ప్లీడరు గారు మార్కాపురం కోర్టుకు బయల్దేరారు. వినుకొండ దాటాక, మంచి ఎండలో, ఎత్తు ఎక్కుతుండగా ఇంజను కొట్టుకోవడం మొదలుపెట్టింది. వీరయ్యన్న పక్కకు తీసేలోపే బిగుసుకుపోయింది. బానెట్టు కింద ఆవిరి కమ్మింది. నీడ లేని చోట ప్లీడరు గారు చాలాసేపు నిలబడి, చివరికి ఏదో లారీ ఎక్కి వెళ్ళారట. వెళ్ళేసరికి కేసు పిలవడం, వీళ్ళ తరపున ఎవరూ లేరని ఎదుటివాళ్ళకు తీర్పు ఇవ్వడం అయిపోయాయి. ఆ కేసు ఆయన చాలా ఏళ్ళుగా నడుపుతున్నది.

బండిని లారీ వెనక మోకుతో కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు. వీరయ్యన్న స్టీరింగు పట్టుకుని కూర్చుని వచ్చాడు. దిగి, "ఏమైందో చూడరా, నాకేం అంతుబట్టడం లేదు," అన్నాడు. ఆ గొంతులో అనుమానం లేదు. నన్ను అనుమానించాలని ఆయనకు తోచనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం హెడ్డు విప్పాను. షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. గాస్కెట్ మూడుకీ నాలుగుకీ మధ్య కాలిపోయింది. నాలుగో పిస్టను సిలిండరు గోడకు అతుక్కుపోయింది. ఆయిల్లో నీళ్ళు కలిసి పాలెక్కువైన టీలా ఉంది. అప్పుడు చూశాను. నాలుగో సిలిండరు వెనక, చిట్టచివరి రంధ్రంలో ఏదో ఉంది. పట్టకారు పెట్టి లాగాను. పత్తి. తుప్పు రంగులో, గట్టిగా ఉండ కట్టి, ఒక వైపు మాడిపోయి.

ఆ ముక్క చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మెదడు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదే ఆశ్చర్యం, అది గబగబా లెక్కలు కట్టేస్తోంది. ప్లీడరు గారికి తెలిస్తే? ఊళ్ళో ఒక్క కారైనా నా గడప తొక్కుతుందా? ఒక్కరోజులో హెడ్డు పని చేస్తానని చెప్పుకు తిరిగానే, అది విన్నవాళ్ళంతా ఇప్పుడు ఏమంటారు? బయట చెత్త తగలబెడుతున్న మంట ఉంది. వెళ్ళి అందులో వేశాను. వచ్చి చేతులు కడుక్కున్నాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం ప్లీడరు గారు, వీరయ్యన్న వచ్చారు. నేను కుర్చీ వేసినా ప్లీడరు గారు కూర్చోలేదు. ఏం తేలిందయ్యా అని అడిగారు. నీళ్ళు లేకుండా నడిచిందండీ అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

రేడియేటర్ ఎండిపోయే ఉంది, అది అబద్ధం కాదు. గాస్కెట్ పోయాక నీళ్ళన్నీ సిలిండర్లోకీ ఆయిల్లోకీ పోయాయి. ముందు గాస్కెట్ పోయి నీళ్ళు పోయాయా, ముందు నీళ్ళు లేక గాస్కెట్ పోయిందా అన్నది విప్పినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. వీరయ్యన్న నా వైపు తిరిగి, పొద్దున్నే అంచుదాకా పోశాన్రా అన్నాడు. వేడి చూపించే ముల్లు చివరిదాకా మధ్యలోనే ఉందన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమని నాకు తెలుసు. ఆ ముల్లుకు వేడి వార్త మోసే చిన్న గుబ్బ ఇంజను ముందు వైపు ఉంటుంది, వెనక నాలుగోది ఉడికిపోతున్నా దానికి తెలియదు. ఆయన సరిగ్గా చూశాడు, సరిగ్గా చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? నీళ్ళే లేకపోతే ముల్లు లేవదన్నా, దానికి వేడి తగలాలంటే నీళ్ళుండాలిగా అన్నాను. అది కూడా నిజమే. నిజాన్నే తీసుకుని ఆయన నోరు మూయించాను.

ప్లీడరు గారు కోర్టులో సాక్షుల్ని ఉతికి ఆరేసే మనిషి. నన్ను రెండో ప్రశ్న అడగలేదు. మెకానిక్కు చెప్పాక ఇంకేముంది? ఆయన అరవలేదు, తిట్టలేదు. చెయ్యి చాపారు. వీరయ్యన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక జేబులోంచి తాళంచెవి తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆ చేతిలో పెట్టాడు.

అప్పుడైనా చెప్పి ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోని రోజు లేదు. ప్లీడరు గారు నన్ను నాలుగు తిట్టి, బండి ఇంకో షెడ్డుకు తోలించేవారు. కొంతమంది నా దగ్గరికి రావడం మానేసేవారు. వీరయ్యన్న "ఒరేయ్ దరిద్రుడా, నేను చెప్పానా తొందరొద్దని," అని కేకలేసేవాడు, మర్నాటికి మళ్ళీ టీ తాగడానికి వచ్చేవాడు. అంతే. అంత చిన్నదానికి నేను ఒక మనిషిని అమ్మేశాను.

తర్వాత ఆయనకు ఎవరూ కారు ఇవ్వలేదు. చిన్న ఊరు, డ్రైవర్ల సంగతులు గంటలో పాకిపోతాయి. మిర్చి యార్డులో బస్తాలు మొయ్యడానికి వెళ్ళాడు. స్టీరింగు తప్ప ఇంకోటి పట్టని చేతులు, కారం ఘాటుకు మండిపోయేవి. టీ కొట్టు దగ్గర ఆయన కనపడితే కుర్రకారు, "వీరయ్యా, నీళ్ళు పోశావా?" అని అరిచేవాళ్ళు. పేరుకు ముందు అదే తగిలించారు, నీళ్ళు పొయ్యని వీరయ్య అని. ఒకసారి నేనక్కడే ఉన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నవ్వాను.

నాకు మాత్రం షెడ్డు పెరిగింది. ఆ ఇంజను మళ్ళీ కొత్తదానిలా చేసి ఇచ్చానని ప్లీడరు గారు అందరికీ చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాడు, మొహమాటం లేని మనిషి అని కూడా చెప్పారట. పత్తి వాడడం ఆ రోజే మానేశాను. ఆ గోనెసంచి ఎత్తుకెళ్ళి ఇంట్లో పడేస్తే మా అమ్మ ఎందుకురా అని అడిగింది. మసి అంటుకుంటోందని చెప్పాను.

ఒకసారి వదిన, అంటే వీరయ్యన్న భార్య, బజార్లో కనపడింది. "మీ అన్న మునపట్లా లేడయ్యా. గడియ పెట్టి వీధి చివరిదాకా పోతాడు, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. పొయ్యి ఆర్పానా అని నన్ను అడగడు, తనే వచ్చి బూడిదలో చెయ్యి పెట్టి చూస్తాడు," అంది. పెద్దవాడవుతున్నాడుగా వదినా అన్నాను. అప్పటికి ఆయనకు యాభై కూడా లేవు.

అసలు పాపం ఇక్కడుంది. ఇప్పటిదాకా చెప్పినదానికి భయం అనే పేరైనా పెట్టుకోవచ్చు. దీనికి ఏ పేరూ లేదు.

మూడు నాలుగేళ్ళు గడిచాయి. ప్లీడరు గారు ఆ కారు అమ్మేశారు, వేరే ఊరు వెళ్ళిపోయారు కూడా. ఒక ఆదివారం పొద్దున, షెడ్డు మూసి ఉన్న రోజు, నేనొక్కణ్ణే లోపల సామాను సర్దుకుంటున్నాను. వీరయ్యన్న వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"ఏరా, తీరిగ్గా ఉన్నావా?" అన్నాడు.

"రా అన్నా, కూర్చో."

"కూర్చోను. ఒక ముక్క అడిగి పోతా. కోపం తెచ్చుకోకు."

"నీ మీద నాకు కోపమేంటన్నా, అడుగు."

"చిలకలూరిపేట రోడ్డులో పత్తి జిన్నింగు మిల్లు ఉందే, వాళ్ళు జీపు తోలమంటున్నారు. వాళ్ళ పిల్లల్ని బడికి దింపి, సాయంత్రం తీసుకురావాలంట."

"మంచిదేగా. ఒప్పుకో."

"ఒప్పుకుందామనే ఉంది. మీ వదిన కూడా పోరు పెడతా ఉంది." ఆయన చొక్కా అంచు సరిచేసుకున్నాడు. "కానీ, ఒరేయ్, ఆ రోజు నీళ్ళు పోశాననే నాకు గుర్తు. ఇప్పటికీ కళ్ళముందు కనపడతానే ఉంది. చెంబు, మూత, నేను మూత మీద చెయ్యి వెయ్యడం, అన్నీ. నువ్వేమో లోపల నీళ్ళు లేవన్నావు. నువ్వు అబద్ధం ఎందుకు చెప్తావు? అంటే పొయ్యకుండానే పోశావని నా బుర్ర నాకు చెప్తా ఉందన్నమాట. అట్టాంటి బుర్ర పెట్టుకుని పసిపిల్లల్ని ఎక్కించుకోవచ్చంటావా? రేపు బ్రేకు తొక్కకుండానే తొక్కాననుకుంటేనో?"

నేను చేతిలో ఉన్న స్పానరు పెట్టెలో పెట్టాను.

"విప్పి చూసినోడివి నువ్వొక్కడివే," అన్నాడు. "నా మొహం చూసి చెప్పు. నిజంగా చుక్క కూడా లేదా?"

నేను ఆయన మొహం చూశాను.

"లేదన్నా," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఊపిరి వదిలాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "సరే. చెప్పి మంచిపని చేశావు, లేకపోతే ఒప్పుకునేవాణ్ణి," అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఎందుకన్నాను? ఏం పోయేది నాకు? ప్లీడరు గారు లేరు. కారు లేదు. షెడ్డులో వినేవాళ్ళు లేరు. నాకు అప్పటికి వద్దన్నా పనే. "ఉన్నాయన్నా, తప్పు నాది," అనడానికి ఎంతసేపు పడుతుంది? పోనీ నిజం చెప్పే ధైర్యం లేకపోతే ఇంకో అబద్ధమైనా చెప్పొచ్చుగా? ఏదో గొట్టం పగిలి ఉండొచ్చన్నా, అప్పుడు సరిగ్గా చూడలేదన్నా అనొచ్చుగా? ఇన్ని అబద్ధాలు ఆడిన నోటికి ఆ ఒక్కటీ రాలేదు. చాలా ఏళ్ళు దీనికి జవాబు వెతికాను. ఆయన నన్ను ఏమీ అనడని నాకు తెలుసు. కొట్టడు, తిట్టడు, ఊళ్ళో చెప్పుకోడు కూడా. కానీ నా వైపు చూస్తాడు. ఇన్నేళ్ళూ తమ్ముడనుకుని చూసిన కళ్ళతోనే, తెలిసి చూస్తాడు. ఆ ఒక్క చూపు తప్పించుకోవడానికి అన్నాను. అంతకు మించి కారణం నాకు దొరకలేదు. ఇంత తక్కువ ధరకు అమ్ముడుపోయే మనిషినని తెలుసుకోవడమే నాకు పడిన శిక్ష అనుకుంటే, అది కూడా నన్ను నేను ఓదార్చుకోవడమే.

మిల్లు వాళ్ళకు ఆయన రానని చెప్పేశాడు. ఒంట్లో బాగుండడం లేదని చెప్పాడట. కోల్డ్ స్టోరేజీలో కాపలా పనికి కుదిరాడు. అక్కడ కూడా రాత్రి వేసిన తాళాన్ని లేచి లేచి లాగి చూసుకునేవాడని విన్నాను. మళ్ళీ ఏ బండి స్టీరింగూ పట్టలేదు. నేను గుంటూరుకు మకాం మార్చాను. పెద్ద షెడ్డు పెట్టాను, మనుషుల్ని పెట్టుకున్నాను. నా దగ్గర పనిచేసేవాడు రంధ్రాల్లో గుడ్డపీలిక తోక బయట కనపడకుండా పెడితే ఒళ్ళు తెలియని కోపం వచ్చేది. సార్‌కి పని అంటే ప్రాణం అనుకునేవాళ్ళు వాళ్ళు.

ఆయన పోయినప్పుడు కబురొస్తే వెళ్ళాను. ఇంటి ముందు బెంచీల మీద కూర్చున్న పెద్దమనుషులు ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు. మంచివాడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు, పాపం మతిమరుపే ఆయన్ని దెబ్బకొట్టింది అన్నారు ఒకరు. "అవునండీ, ఆ మతిమరుపుతోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు," అన్నారు ఇంకొకరు. వదిన గుమ్మంలో కూర్చుని ఉంది, ఆమె కూడా తల ఊపింది. నేను వాళ్ళ మధ్యే కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు వదిన కూడా పోయింది. ఆమె కూడా అదే నమ్మి పోయింది.

వాళ్ళ అమ్మాయి ఉంది, ఒంగోలు వైపు ఎక్కడో ఇచ్చారు. వెతికితే దొరక్కపోదు. వెళ్తానా అంటే, తెలియదు. ఇప్పుడు వెళ్ళి చెప్తే ఆ పిల్లకు మేలు చేసినట్టా, నా బరువు ఆమె నెత్తిన పెట్టినట్టా? ఇది కూడా తప్పించుకునే మాటేనేమో. తప్పించుకోవడంలో నాకు చెయ్యి తిరిగింది, నా మాట నేనే నమ్మను. మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. మీరెవరో నాకు తెలియదు, క్షమించడానికి మీకు నేను చేసిందేమీ లేదు. క్షమించాల్సిన మనిషికి క్షమించాల్సింది ఉందని కూడా తెలియనివ్వలేదు నేను. ఆయన నన్ను చివరిదాకా మంచివాణ్ణనుకునే పోయాడు. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఆ ఏడుపుకు కూడా నాకు హక్కు లేదు.

ఒక్కటి మాత్రం చెయ్యగలను. ఆయన నా మొహం చూసి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలను. వినాల్సిన మనిషి లేడు, అయినా సరే, ఎవరో ఒకరు వినాలి.

నీళ్ళు ఉన్నాయన్నా. ఆ పొద్దున నువ్వు బానెట్టు ఎత్తావు, మూత తీశావు, అంచుదాకా పోశావు, మూత బిగించి దాని మీద చెయ్యి వేశావు. ముల్లు మధ్యలోనే ఉంది. నీకు అంతా సరిగ్గానే గుర్తుంది.